పటాలకు కట్టు

రెండేళ్ళుగా నేను టీ తాగడం లేదు. డాక్టరు వద్దన్నాడని కాదు, ఆ వాసన ఓర్చుకోలేను. ఎవరింటికైనా వెళ్తే ముందు గ్లాసు చేతిలో పెడతారు. వద్దంటే నొచ్చుకుంటారని తీసుకుని, అది చల్లారి పైన తొరక కట్టేదాకా మాటల్లో పడినట్టు నటించి, లేచేటప్పుడు మెల్లగా పక్కన పెట్టి వస్తాను. మిగతావాళ్ళకు డికాక్షన్ అంటే తాగేది. నాకు అది కాగితాలు ముంచేది.

కర్ణాటక అంచున ఉన్న చింతామణి ఊళ్ళో నాకు ఫ్రేములు కట్టే అంగడి ఉంది. మా నాయన బాగేపల్లిలో ఇదే పని చేసేవాడు. నా పెళ్ళికి ఆయన పెట్టిన సారెలో చీరల మధ్య అద్దం కోసే డైమండు కూడా ఉంది. దాన్ని చూసి మా అత్తగారి వైపువాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఆడమనిషి అద్దం కోస్తుందా అని వింతపడ్డవాళ్ళే తరవాత శిడ్లఘట్ట నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చారు. పట్టుగూళ్ళకు మంచి ధర పలికిన ఏడాది దేవుళ్ళ పటాలు ఎక్కువగా కట్టేదాన్ని. ఫోటోలన్నీ ఫోన్లలోకి పోయాక పని పలచబడింది. పోయినవాళ్ళు మాత్రమే ఇంకా గోడలెక్కుతూ వచ్చారు.

అట్లాంటి రోజుల్లో బెంగళూరు నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. చిక్కబళ్ళాపురం చుట్టూ, నంది కొండ కింద లేస్తున్న రిసార్టులకూ తోట బంగళాలకూ లోపలి అలంకరణ అంతా చూసేది అతనే. పళ్ళ మధ్య పుల్ల పెట్టుకునే మాట్లాడతాడు. ఫోను తెరిచి, రెండు మూడు వందల ఏళ్ళ కింద యూరప్‌లో అచ్చేసిన దేశాల పటాలు చూపించాడు. సముద్రంలో పడవలు, నోరు తెరిచిన చేపలు, మూలల్లో పూలతీగలు, గాలి ఊదుతున్న బూరెబుగ్గల పిల్లలు. ఇవే కావాలి, కానీ పాతగా కనబడాలి అన్నాడు కన్నడలో. అసలువి ఎవరికి దొరుకుతాయి, దొరికినా అంత పాతగా యాడుంటాయి అని నవ్వాడు కూడా. ఆ నవ్వుకే అతన్ని పంపేసి ఉండాల్సింది.

పంపలేదు. పెద్ద యంత్రంలో నలుపు తెలుపుగా అచ్చేసిన కాగితాలు అతను తెచ్చేవాడు. సరిహద్దులకూ సముద్రపు అంచులకూ నేను నీటిరంగులు వేసేదాన్ని. రంగు ఆరాక వంటింట్లో పెద్ద గిన్నెకు టీపొడి మరిగించి, ముదురు రంగు కోసం చిటికెడు కాఫీపొడి వేసి, వెడల్పాటి తట్టలో పోసి కాగితాలు ముంచేదాన్ని. మేడ మీద ఆరబెట్టి, అంచులు కొవ్వొత్తికి చూపించి, ఊదుబత్తితో పురుగు తిన్నట్టు బొక్కలు పెట్టేదాన్ని. అతను వచ్చి, బొటనవేలు నాలుకకు తడుపుకుని కాగితం మీద రుద్ది, రంగు దిగుతుందేమో చూసేవాడు. ఆ తడి వేలిముద్ర ఆరేదాకా నాకు ఒళ్ళు జలదరించేది. ఇంకా పాతగా కావాలి అనేవాడు. మళ్ళీ ముంచేదాన్ని. గిన్నె అడుగున నల్లటి మడ్డి, ఇంటినిండా చేదు వాసన. మా ఇంట్లో వాళ్ళు అన్నంలో కూడా ఆ వాసనే వస్తోందని కంచం ముందునుంచి లేచిపోయేవారు.

మొదట్లో నాకు ఆ పటాలు అందంగానే కనిపించాయి, అబద్ధం చెప్పను. ఒకే పటానికి పదిసార్లు రంగు వేసినప్పుడు కానీ మూలల్లో ఉన్న బొమ్మలు కంటికి ఆనలేదు. పటం పేరు రాసుకునే అలంకారపు పలక చుట్టూ మనుషులుంటారు. తలపాగాలు, మొలగుడ్డలు, నెత్తిన బుట్టలు. అందరూ వంగే ఉంటారు. మధ్యలో కిరీటం పెట్టుకున్న తెల్ల దొరసాని కూర్చుని ఉంటుంది, వీళ్ళు మిరియాలో ముత్యాలో ఆమె కాళ్ళ దగ్గర పోస్తుంటారు. మా తాతలు ఎవరి ముందూ మిరియాలు పోయలేదు, రాగులు పండించుకుని తిన్నారు. అయినా ఆ వంగిన వీపులకు గోధుమరంగు తీర్చి తీర్చి వేసింది నేనే. రోజుకు ఎన్ని వీపులో లెక్కపెట్టడం మానేశాను.

ఇట్లాంటి పటాలను నేను మొదటిసారి చూసింది ఫోన్లో కాదు, మా హైస్కూల్లో. బాగేపల్లి తాలూకాలో మా చిత్రలేఖనం మేష్ట్రు దగ్గర నిజమైన పాత పటాల పుస్తకం ఒకటి ఉండేది. ఆయనది మిట్టేమరి వైపు రైతు కుటుంబం. పాఠం కన్నడలో చెప్పేవారు, తిట్టడం, నవ్వించడం మాత్రం తెలుగులో. బెంగళూరుకు శిక్షణకు వెళ్ళినప్పుడు పాత కాగితాల అంగట్లో, తూకానికి వేయబోతున్న కట్టలోంచి ఆ పుస్తకాన్ని లాగి తెచ్చుకున్నారట. ముందు పేజీలు లేవు కాబట్టి ఎవరు చేశారో, ఏ ఊళ్ళో చేశారో ఆయనకూ తెలియదు. తెల్ల పంచెలో చుట్టి తెచ్చి, మా చేతులు కడిగించి, అప్పుడు తెరిచేవారు.

అది ఎట్లా తయారైందో ఆయన చెప్తుంటే గంట కొట్టినా మేం లేచేవాళ్ళం కాదు. నున్నటి రాగి రేకు మీద సన్నటి ఉలితో పటమంతా తిరగేసి చెక్కుతారు. ఊళ్ళ పేర్లు కూడా అద్దంలో చూసినట్టు వెనక నుంచి ముందుకే. గీతల్లోకి ఇంకు దట్టించి, పైపైన ఉన్నది తుడిచేసి, తడిపిన కాగితం పరిచి రెండు రోలర్ల మధ్య నలుపుతారు. గీతల్లో మిగిలిన ఇంకు కాగితానికి ఎక్కుతుంది. తరవాత ఆడవాళ్ళూ పిల్లలూ వరసగా కూర్చుని చేత్తో రంగులు వేసేవారట. పచ్చ రంగు ఎట్లా వచ్చేదో తెలుసా అని అడిగారు ఒకరోజు. రాగి మీద పుల్లటి ద్రవం పోసి చిలుము పట్టించి, ఆ చిలుమునే గీకి రంగు చేసేవారు. అందుకే ఆ పుస్తకంలో పచ్చ గీత ఉన్నచోటల్లా కాగితం వెనకవైపు గోధుమరంగుకు తిరిగింది. ఊరగాయ పెట్టిన రాగి గిన్నెను తిన్నట్టే చిలుము కాగితాన్నీ మెల్లగా తింటూ ఉంటుందని చెప్పారు.

హిందూదేశం పటం వచ్చినప్పుడు మేమందరం మా ఊరు వెతికేవాళ్ళం. తీరం పొడుగునా పేర్లు చీమల్లా కిక్కిరిసి ఉండేవి. లోపల మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో ఒక ఏనుగు. దాన్ని చెక్కినవాడు ఏనుగును పుట్టి చూసి ఉండడు, మోకాళ్ళు గుర్రానివి, తోక ఆవుది. ఏమీ తెలియని చోట ఏనుగును నిలబెట్టేశాడు. మేష్ట్రు కొలబద్ద పెట్టి కొలిచి, ఏనుగు ముందరి కుడి పాదం కింద వేలు పెట్టి, "మనూరు ఈడుండాది" అనేవారు. క్లాసంతా నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. ఇంటికి పోయి మా ఊరు ఏనుగు కాలికింద ఉందని చెబితే మా అమ్మ దిష్టి తీసింది.

ఆయన మా చేత కూడా చెక్కించారు. నూనె డబ్బా మూతను సుత్తితో చదును చేసి, మేకుతో ఇంటినుంచి స్కూలుకు దారి తిరగేసి గీయాలి. ముద్రల ఇంకు పూసి, తడికాగితం వేసి, పైన పలక, పలక మీద బెంచీ, బెంచీ మీద ముగ్గురు పిల్లలు. అందరివీ అక్షరాలు తిరగబడ్డాయి, నాది ఒక్కటే చదవగలిగేట్టు వచ్చింది. ఆయన నా కాగితాన్ని ఎత్తి పట్టి, రేకు అంచు నొక్కుకుని చుట్టూ పడిన గుంతను నా వేలితో తడిమించారు. పుస్తకంలోని పటాల చుట్టూ కూడా అట్లాంటి గుంతే ఉంది.

"ఈ గుంత ఉంటే అది రేకు కింద నలిగిన కాగితం. లేదంటే నకలు," అన్నారు. "కండ్లు మోసపోతాయి పాపా. వేలు మోసపోదు."

రెండేళ్ళ కిందట, అంటే టీ గిన్నెలు నా వంటింటిని ఆక్రమించుకున్న రోజుల్లో, మేష్ట్రు ఫోన్ చేశారు. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం క్లాసులో ఉన్నట్టే ఉంది. "కండ్లు బాగా మసకైపోయినాయమ్మా. పుస్తకం ఇంగ నా తావ ఉండి ఏం ఫలం? ఇస్కూలుకు ఇచ్చేస్తా. పటాలన్నీ ఊడొస్తాండాయి. వాటికి కట్టు వేసి పెట్టు." తరవాతి వారం ఆయన కోడలు కైవారం క్షేత్రానికి పోతూ దారిలో దిగి పుస్తకం ఇచ్చి వెళ్ళింది. అదే తెల్ల పంచె, పసుపుపచ్చగా మారింది.

మా వైపు కట్టు అనే మాటతో రెండు పనులు నడుస్తాయి. పుస్తకానికి కట్టు అంటే కుట్టి అట్ట వేయడం. పటానికి కట్టు అంటే అద్దం పెట్టి ఫ్రేము వేయడం. పటమనే మాట సంగతీ అంతే. స్కూలువాళ్ళకు పటం అంటే దేశపటం, కన్నడలో నక్షె. మాలాంటివాళ్ళకు పటం అంటే గోడకు తగిలించేది. పుట్టినప్పటినుంచి మా ఇంట్లో పటాలకు కట్టు అంటే ఒక్కటే అర్థం. కాబట్టి మేష్ట్రు చెప్పింది నేను ఫ్రేములనే అనుకున్నాను.

అట్లా అనుకున్నానని అందరికీ చెబుతాను. నాకు మాత్రం నిజం ఇంకో రకంగా తెలుసు. ఊడొస్తాండాయి అన్నారు గదా. ఊడేది పుస్తకంలోంచే. ఆ మాట నా చెవిలో పడింది. స్కూలు గోడకు ఇరవై పటాలు ఎవరు తగిలిస్తారు అని కూడా ఒక్క క్షణం తోచింది. ఫోన్ చేసి అడిగితే అయిపోయేది. అడగలేదు. ఆ పుస్తకం తెరిచినప్పటినుంచి, నా చేతులతో ఇన్ని దొంగ పటాలు చేశాక, ఒక్క నిజమైనదాన్ని మంచి కట్టులో, మంచి అద్దం వెనక చూడాలని నాకు పాడు కోరిక పుట్టింది. ఆ కోరికకు మేష్ట్రు మాట అడ్డం రాకుండా మలుచుకున్నాను.

బ్లేడుతో పుస్తకం వెన్ను కోశాను. పాత దారాలు టప్ టప్ మని తెగాయి. లోపలి మైదా జిగురు పొడిపొడిగా రాలి, అందులోంచి సన్నటి తెల్ల పురుగులు బయటపడి బల్ల మీద పరిగెత్తాయి. వేలితో నలిపాను. ఎండిన గబ్బు, ముక్కిన గుడ్డల కంపు. మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళకు ఒక్కో పటాన్నీ లోపలి అంచున కోసి విడదీశాను. పని బాగా వస్తోందని, చెయ్యి వణకడం లేదని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా. పుస్తకం ఉన్నచోట ఖాళీ అట్టలు రెండు మిగిలాయి, వాటిని పంచెలో చుట్టి అలమరలో పెట్టాను.

కొన్నింటికి కట్లు వేసి గోడకు ఆనించి ఉంచానో లేదో బెంగళూరు వ్యాపారి వచ్చాడు. నేరుగా హిందూదేశం పటం ముందు నిలబడ్డాడు, నోట్లో పుల్ల తీశాడు. నంది కొండ దగ్గర రిసార్టు తెరుస్తున్నారు, దానికి ఇది కావాలి అన్నాడు. ఇది నాది కాదన్నాను. కొన్నాళ్ళు పెట్టుకుని ఇస్తామన్నాడు. నేను బేరం ఆడలేదు, గట్టిగా కాదనీ అనలేదు. ఆ నిమిషంలో నా బుర్రలో ఏం తిరిగిందో రాస్తే నాకే రోత పుడుతుంది. మేష్ట్రుకు కళ్ళు కనబడవు. స్కూలు పిల్లలకు ఏది అసలుదో ఏది నకలో తెలియదు. డికాక్షన్‌లో ముంచిన ఏనుగును ఒకటి చేసి ఇస్తే సరిపోతుంది. ఇదీ నేను అనుకున్నది.

అతను తెచ్చిన ఫ్రేములన్నీ ఒకే కొలత. రిసార్టు గోడ మీద అన్నీ సమానంగా ఉండాలట. పటం నాలుగు వైపులా వేలెడు ఎక్కువ వచ్చింది. ఉక్కు స్కేలు పెట్టి నాలుగు వైపులా కోశాను. గుంత ఉన్న అంచు నాలుగు పేలికలుగా కింద పడింది. అది గుంత అని చూశానా అంటే, చూశాను. స్కేలు ఆ గుంతలోనే చక్కగా ఆనింది, కోయడం సులువైంది. సాయంత్రం అంగడి ఊడ్చినప్పుడు ఆ పేలికలు చెత్తతో పోయాయి.

పది రోజులకు మేష్ట్రు మళ్ళీ ఫోన్ చేశారు. "కుట్టు గట్టిగా పడిందామ్మా? పిల్లోళ్ళు లాగతారు. మల్లా పుస్తకం ఊడకూడదు."

గట్టిగా పడింది సార్ అన్నాను. ఫోన్ పెట్టేసి, అలమరలోంచి ఆ ఖాళీ అట్టలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పుస్తకాన్ని అడిగారు. నా దగ్గర పుస్తకం లేదు, పటాలున్నాయి, అందులోనూ ఒకటి లేదు. మరునాడు పొద్దున్నే చిక్కబళ్ళాపురం బస్సెక్కాను.

రిసార్టులో చల్లటి గాలి, పూల అత్తరు వాసన. కూర్చునే పెద్ద హాలులో నా డికాక్షన్ పటాలు వరసగా వేలాడుతున్నాయి, ఒక్కోదానికి పైన ఒక దీపం. వంగిన వీపులన్నీ ఆ వెలుగులో మెరుస్తున్నాయి. అసలుది కనబడలేదు. మేనేజరును అడిగితే వెనక్కి చూపించాడు. ఆడవాళ్ళ టాయిలెట్ల ముందు నడవాలో, చేతులు ఆరబెట్టే యంత్రం పక్కన ఉంది. ఎవరు చేతులు పెట్టినా వేడిగాలి దాని మీదికి కొడుతోంది. అద్దం లోపల ఆవిరి పట్టింది. ఎవరో చేతులు విదిలించిన నీళ్ళ చుక్కలు, ఒక మూల లిప్‌స్టిక్ గీత. లోపలినుంచి ఫినాయిలు వాసన. మా ఊరిని తొక్కుకుని నిలబడ్డ ఆ ఏనుగు టాయిలెట్ వాకిట్లో కాపలా కాస్తోంది. మనిషిని ఎవరైనా అట్లా నిలబెట్టి ఉంటే గొడవ చేసేదాన్ని. నిలబెట్టింది నేనే.

ఇక్కడెందుకు పెట్టారని అడిగాను. మేనేజరు మర్యాదస్థుడే, దాచకుండా చెప్పాడు. మిగతావాటితో పోలిస్తే ఇది పాతగా లేదట. కాగితం తెల్లగా ఉంది, పచ్చ గీత దగ్గర బూజులాంటి మరక ఉంది, అతిథులు బాగాలేదన్నారట. కావాలంటే తీసుకుపొమ్మన్నాడు, బదులుగా హాలులో ఉన్నవాటిలాంటివి మంచివి రెండు పంపమన్నాడు. సంతకం కూడా అడగలేదు. ఆ పటాన్ని చీర కొంగులో పట్టుకుని బస్సులో నిలబడి చింతామణికి వచ్చాను. ఆ రెండు దొంగ పటాలూ నేను చేసిన ఆఖరివి. ఆ గిన్నెను తోమి వాడుకోలేక బయట పారేశాను.

ఇంటికొచ్చి అద్దం తీశాను. వేడికీ చెమ్మకూ చిలుము పని తొందరగా జరిగింది. పచ్చ గీత పొడుగునా కాగితం చిట్లి, తీరం ఒకచోట ఊడి నా అరచేతిలోకి వచ్చింది. వెనక పలచటి కాగితం అతికించి ఆపాను. తక్కిన పటాలన్నీ కట్లు విప్పి, కోసిన అంచులకు గట్టి కాగితపు పట్టీలు అతికించి, పట్టీలను కలిపి కుట్టి, పాత అట్టలే వేశాను. ఇరవై రోజులు పట్టింది. ఆ నాలుగు పేలికల కోసం చెత్తబుట్టలు, బల్ల కింద, గోడ సందులు, పక్కంగడివాడి గోనెసంచులు అన్నీ వెతికాను. దొరికితే అతికించేదాన్ని. దొరకలేదు.

మేష్ట్రు తానే వచ్చారు, కోడలి భుజం పట్టుకుని. ఆమె ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, సంతకు పోయి వస్తానని వెళ్ళింది. టీ తెప్పించనా సార్ అని అడగబోయి ఊరుకుని, మజ్జిగ ఇచ్చాను. కట్టు అనే మాట పొరపాటుగా అర్థం చేసుకుని ముందు ఫ్రేములు వేశానని, ఒక పటాన్ని రిసార్టువాళ్ళు కొన్నాళ్ళు పెట్టుకుంటే పోయి తెచ్చానని చెప్పాను. ఆయన తిట్టలేదు. పటాలు కట్టేవాళ్ళ కూతురికి ఇంకేం తోస్తుందని కడుపుబ్బా నవ్వారు. నేనూ నవ్వాను.

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో చూశారు. ఒక్కో పటం తిప్పి, నాలుగు వైపులా గుంత తడిమి, తరవాతిదానికి పోయేవారు. లోపలివైపు పట్టీ తగిలినప్పుడు ఆగి, కొత్త కాగితం బాగా అతికించినావమ్మా అని మెచ్చుకున్నారు. బ్లేడు కోతను మరమ్మతు అనుకున్నారు.

హిందూదేశం వచ్చిందని చెప్పాను. తన వేలిని ఏనుగు కాలి మీద పెట్టమని చెయ్యి చాపారు. పెట్టాను. అట్లే కాసేపు ఉంచి, మనూరు, అన్నారు. తరవాత వేలు అంచుకు జరిగింది. కింది అంచు, పక్క అంచు, పై అంచు. మళ్ళీ మొదటినుంచి. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ఇది మనది కాదమ్మా. గుంత యాడుండాది?"

"అదే సార్ ఇది," అన్నాను. "అంచు కోసేసినారు."

మన భాషలో ఇదొక సౌకర్యం. ఎవరు అని చెప్పకుండానే కోసేసినారు అనొచ్చు. ఆ సందులోకి దూరి నిలబడ్డాను.

"ఎవురు కోస్తారు? పటం పోయింది నీ చేతిలోంచి గదా. నువ్వైతే కోయవు. ఆ గుంతను నీ వేలితోనే చూపిచ్చినా నేను," అన్నారు. "రిసార్టోళ్ళు అసలుది పెట్టుకోని నీకు నకలిచ్చినారు. మోసం చేసినారు నిన్ను."

నేనే కోశాను సార్ అనాలి. మూడు మాటలు. నోటిదాకా వచ్చాయి కూడా. ఆయన నా చెయ్యి పట్టుకుని, పోనీలే, నువ్వేం బాధపడొద్దు అన్నారు. ఆ చేతిలో నా వేళ్ళు మెత్తగా చచ్చినట్టు పడి ఉన్నాయి. మాటలు వెనక్కి పోయాయి. నన్ను చూస్తే నాకే చీదర వేసింది, ఇప్పుడు రాస్తున్నా వేస్తోంది.

మేష్ట్రు మాత్రం ఒక్క విషయం వదల్లేదు. పిల్లలకు నకలును అసలని చూపించకూడదు. దాని కింద రాయమన్నారు. "కన్నడలో రాయి, ఎర్ర ఇంకుతో. పెద్దచ్చరాలు. ఇది నకలు, అసలుది పోయింది అని."

ఎర్ర ఇంకు సీసా తీశాను. సన్నటి కుంచెతో, చెయ్యి వణకకుండా, ఏనుగు కింద మిగిలిన కాస్త తెల్లటి జాగాలో రాశాను. రిసార్టుకు పంపినవాటిలో ఆ ఒక్క కాగితాన్నే నేను డికాక్షన్‌లో ముంచలేదు. వాటిలో అది మాత్రమే నిజం.

"ఏం రాసినావో చదువమ్మా," అన్నారు.

"ఇదు నకలు. మూల నక్షె కళెదుహోగిదె," అని చదివాను.

ఆయన తల ఊపి పుస్తకం మూసి, ఒళ్ళో పెట్టుకుని కోడలి కోసం ఎదురుచూశారు. ఇప్పుడది స్కూల్లో ఉంది. ఆ కోడలి కూతురు అక్కడే చదువుతోంది. పిల్లలు చేతులు కడుక్కుని పుస్తకం తెరుస్తారట, ఒక్కో పటం చుట్టూ వేలితో గుంత తడుముతారట. ఏనుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఇది నకలు గదా అని, చూడకుండా తిప్పేస్తారట.